పనిదొంగ వేర్లు

మా మామిడి పరిశోధన కేంద్రం పుట్టిన దగ్గర్నుంచి ఎందర్నో సంజాయిషీ అడిగింది. ఆలస్యంగా వచ్చిన గుమాస్తాలని అడిగింది, పెందలాడే వెళ్ళిపోయిన కాపలావాళ్ళని అడిగింది, ఒక ఏడు పూత రాలగొట్టినందుకు గాలివానని కూడా అడగబోయి, చిరునామా దొరక్క ఊరుకుంది. కాని చెట్ల వేర్లని సంజాయిషీ అడిగింది మాత్రం డాక్టర్ పరాంకుశం గారు డైరెక్టరుగా ఉన్న రోజుల్లోనే. ఆ నోటీసు టైపు చేయించి అంటించే భాగ్యం ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటునైన నాకు దక్కింది.

ఆయన మొదట్లో ఇలా ఉండేవారు కాదు. పొద్దున్నే వచ్చి, వరండాలోంచి తోట వైపు చూసి, చెట్లు ఉన్నాయని నిర్ధారించుకుని, పేపరు తెరిచేవారు. ఆ ఏడు ప్రభుత్వం పెద్ద అధికారులందరినీ చల్లటి కొండ మీదికి పంపి సామర్థ్యం మీద శిక్షణ ఇప్పించింది. అక్కణ్ణుంచి ఆయన ఒక ఉన్ని టోపీ, ఒక ప్రశ్న తెచ్చుకున్నారు. "ఎవరు తింటున్నారు? తిన్నదానికి ఏం ఇస్తున్నారు?" ఈ ప్రశ్న మొదట ఇంట్లో వేశారని చెప్పుకున్నారు. నాకు తెలిసిందల్లా ఆయన ఆ వారమంతా మా క్యాంటీన్లో భోంచేశారని మాత్రమే.

సోమవారం సమావేశంలో అదే ప్రశ్న మామిడి చెట్టు మీద వేశారు. జవాబు చెప్పగలిగిన మనిషి మా దగ్గర ఒక్కరే, డాక్టర్ సలోమి గారు. చెట్టు లోపల ఏం జరుగుతుందో ఆవిడ చదువుకున్నారు. మిగతావాళ్ళం చెట్టు బయట ఏం జరుగుతుందో చూసుకునేవాళ్ళం. అన్నేళ్ళ సర్వీసులో ఆవిణ్ణి ఎవరూ చెట్టు గురించి ప్రశ్న అడగలేదు. అందుకని పాపం సంబరపడిపోయి, ఒక కొమ్మ విరిచి తెచ్చి, బ్లేడుతో బెరడు ఒలిచి చూపిస్తూ అంతా చెప్పేశారు.

ఆకు ఎండలో వంట చేస్తుంది. వండిన పంచదార నీళ్ళలో కరిగి, బెరడు లోపలి పొరలో ఉండే సన్నటి గొట్టాల్లోకి ఎక్కుతుంది. తీపి ఎక్కువైన చోటికి నీళ్ళు వచ్చి చేరతాయి, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పాకం తోసుకుంటూ ఎక్కడ వాడకం ఉంటే అక్కడికి పోతుంది. కాయకి, చిగురుకి, వేరుకి. పంచదారతో పాటు ఇంకా కొన్ని పోషకాలు కూడా ఆ దారినే ప్రయాణం చేస్తాయి. వేరు పీల్చిన నీళ్ళు మాత్రం లోపలి చెక్క గుండా పైకి వస్తాయి. రెండూ రెండు దారులు.

డైరెక్టరు గారు పెన్ను మూత తీశారు. "ఈ పంపిణీని ఎవరు పర్యవేక్షిస్తారు?"

ఎవరూ లేరన్నారు ఆవిడ. రాత్రిళ్ళు కూడా జరుగుతుందా అని అడిగితే, జరుగుతుందన్నారు. ఆయన ముఖం పాలిపోయింది. ఇంత పెద్ద తోటలో, ఇన్ని చెట్లలో, ఏ అధికారి సంతకమూ లేకుండా రాత్రింబవళ్ళు పంచదార చేతులు మారుతోందన్న సంగతి ఆయనకి ఆ క్షణం దాకా తెలియదు.

"వేర్లు ఎంత పంచదార తయారు చేస్తాయి?"

"అసలు చెయ్యవు సార్. చీకట్లో ఉంటాయి కదా."

"కాని తింటాయి."

"తినకపోతే చచ్చిపోతాయి సార్. చెట్టుకి నీళ్ళు అందించేది అవే."

"నీళ్ళు మన బోరువి. తోడేది మన మోటారు. వేర్లు చేసేది ఒట్టి మధ్యవర్తిత్వం," అన్నారు డైరెక్టరు గారు. ఎవరూ నవ్వలేదు. నేను దాన్ని నిర్ణయంగా రాసుకున్నాను.

నోటీసు ఇలా తయారైంది. "ఇందుమూలముగా సదరు వేర్లకు తెలియజేయడమేమనగా, మీరు ఉత్పత్తి యందు ఎట్టి పాత్రయు వహింపక, ఆకుల శ్రమచే తయారైన పంచదారను అహోరాత్రములు స్వీకరించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మీపై తగు చర్య ఏల తీసుకొనరాదో వారము దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను."

చిరునామాదారు మట్టిలో ఉండటం వల్ల చేతికివ్వడం కుదరలేదు. ఇంట్లో మనిషి దొరకనప్పుడు తలుపుకి అంటించవచ్చని నిబంధన ఉంది కనుక మొదళ్ళకి అంటించాం. మర్నాటికి సగం నోటీసులు మేకలు తినేశాయి. నోటీసు అందినట్టా అందనట్టా అని రోజంతా చర్చ జరిగింది. మేక తిన్నది మేకలో ఉండదు, ఎరువుగా చెట్టు మొదట్లోనే పడుతుంది, అక్కణ్ణుంచి కరిగి వేరుకే చేరుతుంది. కనుక అందినట్టే అని తేల్చారు. ఇది సలోమి గారు చెప్పిన శాస్త్రానికి అనుగుణంగానే ఉందని డైరెక్టరు గారు ఆవిణ్ణి మెచ్చుకున్నారు కూడా.

వారం గడిచినా ఒక్క వేరూ నోరు మెదపలేదు. మౌనం తప్పు ఒప్పుకోవడం కిందే జమ.

శిక్ష ఏమిటన్నది మాత్రం ఎవరికీ తోచలేదు. సస్పెండు చేద్దామంటే తవ్వాలి. బదిలీ చేద్దామంటే చెట్టు కూడా వెళ్ళాలి. అప్పుడు సలోమి గారు, ఆయన్ని భయపెట్టి దారికి తెద్దామనుకుని, ఒక చెట్టు కథ చెప్పారు. కొన్నేళ్ళ కిందట మేకలు ఒక చెట్టు బెరడుని మొదట్లో చుట్టూ ఉంగరంలా కొరికేశాయట. పంచదార దారి తెగిపోయి, వేర్లు పస్తులుండి, చివరికి చెట్టే ఎండిపోయిందట.

"ఎండే ముందు కాపు ఎలా ఉంది?" అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ అబద్ధం చెప్పగలిగిన మనిషి అయితే కథ ఇక్కడే అయిపోయేది. "ఆ ఒక్క ఏడూ కాయ బాగా ఊరింది సార్. కిందికి పోవలసిన పంచదార పైనే ఆగిపోయింది కాబట్టి. కాని ఆ తరువాత..." అంటూ ఉండగానే ఆయన లేచి నిలబడ్డారు. ఆ తరువాత ఏమైందో వినడానికి ఆ సమావేశంలో సమయం లేకపోయింది.

పూత రాకమునుపే ఆఫీసు ముందున్న తోటలో పని మొదలైంది. ప్రతి చెట్టుకీ మొదట్లో వేలెడు వెడల్పున బెరడు చుట్టూ ఒలిచేశారు. గాయానికి మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం బోర్డో పేస్టు పూశారు. నీలం పట్టీలు కట్టుకుని తోట బడిపిల్లల్లా ముచ్చటగా ఉంది. దీనికి వలయ పథకం అని పేరు పెట్టారు.

ఆ వేసవిలో కాయలు చూసి మాకు మతులు పోయాయి. ఒక్కొక్కటి రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది. తిన్నవాళ్ళు మూతి తుడుచుకోవడం మరిచిపోయారు. పేపర్లవాళ్ళు వచ్చి డైరెక్టరు గారికి రెండు చేతుల్లో రెండు కాయలు పెట్టి ఫొటోలు తీసుకున్నారు. వలయానికి పైన బెరడు ఉబ్బి గట్టులా లేచింది. వచ్చినవాళ్ళందరికీ ఆయన దాన్ని తడిమి చూపించి, "ఇదీ పొదుపు," అనేవారు.

"అది వాపు సార్," అన్నారు సలోమి గారు. "వేర్లు దాచుకున్నది తిని బతుకుతున్నాయి. అది అయిపోగానే పోతాయి."

"దాచుకున్నాయా? అంటే వేర్ల దగ్గర నిల్వలు ఉన్నాయా?" డైరెక్టరు గారి కళ్ళు ఎర్రబడ్డాయి. అంతవరకు పనిదొంగతనం ఒక్కటే అనుకున్నాం. ఇప్పుడు అక్రమ నిల్వలు కూడా బయటపడ్డాయి.

విజయం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. చెట్టు ఎలాగో ఆఫీసూ అలాగే అని వానాకాలంలో ఒక సర్క్యులర్ వచ్చింది. మా ఆఫీసు రెండంతస్తులది. మేడ మీద అధికారులు, క్యాంటీను, స్టోరు. కింద తోటపనివాళ్ళు, కాపలావాళ్ళు, పంపు ఆపరేటరు మీరావలి. ఆలోచనలు తయారయ్యేది పైన, టీ తయారయ్యేది పైన. ఆ రెండూ ఇన్నాళ్ళుగా ఏ అడ్డూ లేకుండా కిందికి కారిపోతున్నాయి. కిందివాళ్ళు తయారుచేసే ఆలోచన ఒక్కటి కూడా లేదు. అందుచేత మెట్ల మలుపులో వలయం కొట్టాలని నిర్ణయమైంది. కింది నుంచి పైకి ఏదైనా వెళ్ళవచ్చు. పై నుంచి కిందికి ఏదీ దిగరాదు.

మలుపులో ఒక ఇనుప గేటు పెట్టి, దాని పక్కన నా బల్ల వేసి, నన్ను వలయాధికారిని చేశారు. నేను పైవాణ్ణా కిందివాణ్ణా అన్నది తేలకపోవడంతో నాకు టీ మంజూరు కాలేదు. వాసన మాత్రం వచ్చేది. పొద్దున పాలు నా ముందు నుంచే పైకి వెళ్ళేవి. నేను లేచి నిలబడేవాణ్ణి.

అధికారులు ఇంటికి ఎలా దిగాలన్న సమస్య వచ్చింది. వారు పోషక పదార్థాలు కారు కనుక వెనక గోడకి ఇనుప నిచ్చెన వేయించారు. సాయంత్రం ఐదింటికి మా పెద్దలంతా వరసగా, సంచులు పళ్ళతో కరిచిపట్టుకుని, గోడ వెంట దిగి వచ్చేవారు. పైకి సామాన్లు చేరవెయ్యడానికి తాడు కట్టిన బుట్ట ఏర్పాటైంది. బుట్ట ఖాళీగానైనా కిందికి దిగుతోంది కదా, అది ఉల్లంఘన కాదా అని ఒక సంఘం వేశారు. బుట్ట దిగినప్పటికీ దిగనట్లు భావించవలెనని ఆ సంఘం సిఫార్సు చేసింది. డైరెక్టరు గారు వరండాలోంచి కేకవేసి చెప్పేది మాత్రం దిగవచ్చు. మాట నీళ్ళలో కరగదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. సెలవు చీటీలు పైకి వెళ్ళి మంజూరై అక్కడే ఉండిపోవడంతో ఎవరూ సెలవు పెట్టలేకపోయారు, హాజరు పెరిగింది. మరమ్మతుకి వెళ్ళిన మందు కొట్టే డబ్బాలు, కుర్చీలు, గొడుగులు, ఒక నిచ్చెన, వాచ్‌మన్ టార్చిలైటు బాగుపడి పైనే పోగుపడ్డాయి. కిందివాళ్ళ వాటా టీ మిగిలిపోతుంటే పారబొయ్యడం ఇష్టంలేక అధికారులే తాగేవారు. తాగి, నిద్ర పట్టక, ఉత్తర్వులు రాసేవారు. ఆ ఉత్తర్వులూ దిగవు. మా కేంద్రం చరిత్రలో అన్ని ఉత్తర్వులు ఎన్నడూ పుట్టలేదు, తోట అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదు. మేడ మీద వరండా గోడ ఫైళ్ళ ఒత్తిడికి ఇంతలావున ఉబికింది. డైరెక్టరు గారు దాన్ని కూడా తడిమి, "ఇదీ పొదుపు," అన్నారు.

అలా పైకి వెళ్ళి ఇరుక్కున్న కాగితాల్లో సలోమి గారిది ఒకటుంది. లాబొరేటరీ వెనక ఆవిడ పెంచిన చెట్టు ఒకటి ఉండేది. రెండు రకాల పూత తన చేత్తో కలిపి, పుట్టిన టెంకని నాటి, పిల్లని పెంచినట్టు పెంచారు. పీచు ఉండదు, తొక్క పల్చన, కోసిన చాలా రోజుల దాకా చెడదు. ఆఫీసులో దానికి అంకెలున్న పేరేదో ఉంది. ఆవిడ మాత్రం తేనెగుండు అనేవారు. ప్రపంచం మొత్తానికి ఆ రకం చెట్టు అదొక్కటే. అంటు కట్టి పిల్లచెట్లు చేద్దామంటే డైరెక్టరు గారి అనుమతి లేకుండా పుల్ల విరవకూడదు. అనుమతి సంతకమైందని వరండాలోంచి ఆయనే కేకవేసి చెప్పారు. సంతకమైంది గనకే అది పైన ఉంది.

చలికాలం వచ్చేసరికి తోటంతా వలయం కొట్టాలని కేక దిగింది. ముందు తోట, వెనక తోట, లాబొరేటరీ చెట్టు, అన్నీ.

సలోమి గారు మెట్లెక్కి పైకి వెళ్ళి బతిమాలారు. ఒక్క చెట్టు వదిలెయ్యమన్నారు. డైరెక్టరు గారు ఆవిడకి టీ ఇప్పించి, జాలిగానే మాట్లాడారట. ఇవాళ ఒక చెట్టుని వదిలితే రేపు ప్రతి చెట్టూ సిఫార్సుతో వస్తుందని, సామర్థ్యానికి బంధుత్వాలు లేవని అన్నారట. ఆవిడ నిచ్చెన దిగి వచ్చి, నా బల్ల దగ్గర గేటుకి అవతల మెట్టు మీద కూర్చున్నారు. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "సూపరింటెండెంటు గారూ, అది పోతే నేను మళ్ళీ మొదలుపెట్టలేనండీ. ఆ వయసు దాటిపోయింది," అన్నారు. నేను రూల్సు తెలిసిన మనిషిని. ఆ మాటకి జవాబు ఏ రూల్లోనూ లేదు. నాకు చాలా బాధేసింది.

మర్నాడు లాబొరేటరీ చెట్టుకి వలయం తానే కొడతానని ఆవిడ కబురు పంపారు. పర్యవేక్షణకి నన్ను వెళ్ళమన్నారు. ఆవిడ కత్తి తీసుకుని పైపైన ఉన్న ఎండు పెచ్చుని మాత్రం చుట్టూ గీకారు. లోపలి పచ్చి బెరడు చెక్కు చెదరలేదు. దాని మీద నీలం పేస్టు రెండు పూతలు మందంగా పూశారు. పేస్టు డబ్బా పట్టుకున్నది నేనే. నాకు చూపు తక్కువన్న సంగతి నా సర్వీసు రిజిస్టర్లో ఎప్పుడో నమోదై ఉంది. వలయము సక్రమముగా ఉన్నదని ధ్రువీకరించి సంతకం పెట్టాను.

మళ్ళీ వేసవి వచ్చింది. ముందు తోట చిగురు వెయ్యలేదు. ఆకులు పసుపుబారి, ముడుచుకుని, గుత్తులు గుత్తులుగా రాలాయి. కొమ్మ విరిస్తే ఫట్‌మని విరిగింది. వెనక తోటలో కాయ బాగానే ఊరింది గాని, ఆకు కళ తప్పింది. వేర్లకి తిండి ఆగిపోయింది, దాచుకున్నది అయిపోయింది, వేర్లు చచ్చాయి, నీళ్ళు పైకి రావడం మానేశాయి. సలోమి గారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. డైరెక్టరు గారు ముందు తోటని చూసి, అవి స్వచ్ఛంద పదవీ విరమణ చేశాయన్నారు.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. పథకం కీర్తి విని వ్యవసాయ శాఖ కార్యదర్శి గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే రాష్ట్రంలోని రైతుల తోటలన్నిటికీ వలయం.

వచ్చే రోజుకి ముందే మీరావలి మోటారు కాలిపోయింది. బాగుచేయించడానికి కేక చాలదు, సంతకం కావాలి. అర్జీ బుట్టలో పైకి వెళ్ళింది, ఆ పూటే సంతకమైంది, పైనే ఆగింది. మీరావలి మోటారు మీద కండువా పరుచుకుని కూర్చున్నాడు. టీ మానేసి ఏడాది కావస్తున్న మనిషిని తొందరపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

కార్యదర్శి గారు సన్నగా, పొడుగ్గా, చాలా తక్కువ మాట్లాడే మనిషి. డైరెక్టరు గారు ఆయన్ని ముందు తోట పక్కగా, ఎండకి అడ్డం అనే మిషతో గొడుగు అటువైపు వంచి పట్టుకుని, గబగబా నడిపించి నేరుగా తేనెగుండు దగ్గరికి తీసుకెళ్ళారు. తోట మొత్తంలో నిండుగా పచ్చగా ఉన్న చెట్టు అదొక్కటే. కొమ్మ కొమ్మకీ కాయలు వేలాడుతున్నాయి. మొదట్లో నీలం వలయం మెరుస్తోంది.

"వలయ పథకం సంపూర్ణంగా అమలైన చెట్టు సార్ ఇది," అన్నారు డైరెక్టరు గారు. ఆయన అబద్ధం చెప్పడంలేదు. ఆయనకి తెలిసింది అంతే.

కార్యదర్శి గారు కాయ తిన్నారు. ఇంకోటి తిన్నారు. తరువాత చెయ్యి చాపి, తన సహాయకుడికి చెప్పసాగారు. వర్షాలకి ముందే యావత్తు రాష్ట్రములోని రైతుల మామిడి తోటలయందు ఇదే విధానమును యుద్ధ ప్రాతిపదికన...

నేను సలోమి గారి వైపు చూశాను. ఆవిడ చెట్టు వైపు చూస్తున్నారు. తన చెట్టు బతికింది. నోరు మూసుకుంటే ఇంకా బతుకుతుంది. అది బతికి ఉన్నందుకు ఊరూరా తోటలు ఎండిపోతాయి. నోరు విప్పితే పక్కనే కత్తి పట్టుకుని తోటపని మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆవిడ ఒకసారి ఆ కత్తి వైపు చూడడం నాకు కనిపించింది, చూపు తక్కువైనా.

"సార్," అన్నారు ఆవిడ. "ఈ చెట్టుకి వలయం లేదు."

గొడుగు ఒక్కసారి నిటారైంది. తుడిచి చూపిస్తానని ఆవిడ నీళ్ళు అడిగారు. ఏ కొళాయిలోనూ చుక్క లేదు. చివరికి మీరావలి తన తాగే కూజా తెచ్చి ఇచ్చాడు. ఆవిడ చీర కొంగు తడిపి, వంగి, పేస్టు తుడిచారు. నీలం కింద బెరడు నిండుగా, క్షేమంగా ఉంది.

"నేనే మోసం చేశాను సార్. వేర్లకి తిండి ఆపిన చెట్లు అవిగో, అటు చూడండి. ఆపని చెట్టు ఇది. నన్ను ఏం చేసినా సరే, రైతుల చెట్ల జోలికి వెళ్ళకండి."

కార్యదర్శి గారు మొదటిసారి ముందు తోట వైపు తిరిగారు. డైరెక్టరు గారు మేస్త్రికి సైగ చేశారు, ఇప్పుడే కొయ్యమని. మేస్త్రి మా అందరి మొహాలు చూశాడు, కత్తి చూశాడు, చెట్టు దగ్గరికి ఒక అడుగు వేశాడు. సలోమి గారు చెట్టుకీ అతనికీ మధ్య నిలబడ్డారు.

"ఆగండి," అన్నారు కార్యదర్శి గారు. కళ్ళు సగం మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ప్రభుత్వం ఆలోచిస్తున్నప్పుడు కాకి కూడా అరవలేదు. "కోసి పూసిన చెట్లు ఎండినవి. కొయ్యక పూసిన చెట్టు పండినది. ఇందువలన తేలినదేమనగా, ఫలితము పూతది. కోత అనవసరము."

సలోమి గారు నోరు తెరిచారు. ఫలితం పూతదీ కాదని, చెట్టుని చెట్టులా వదిలెయ్యడమే ఫలితమని చెప్పబోతున్నారని నాకు తెలుసు. అంత నిజం ఆ తోటలో ఆ పూట ఎవరూ మొయ్యలేరు. నాకు చూపు తక్కువ కావడంతో నా చెప్పు ఆవిడ కాలి మీద కాస్త గట్టిగా పడింది. ఆవిడ బాధతో మూలిగేలోపు నేను "చిత్తం సార్" అని పెద్దగా అని, అక్షరం పొల్లు పోకుండా రాసేసుకున్నాను.

దానికి నీలి వలయ విధానం అని పేరు వచ్చింది. రాష్ట్రమంతటా ప్రతి మామిడి చెట్టుకీ బెరడు ముట్టకుండా నీలం పట్టీ పూయాలి, అంతే. నీలం పూతకి చెట్టుకేమీ నష్టం లేదు. తాను మొదట్నుంచీ పూతే అంటున్నానని, కింది సిబ్బంది దాన్ని కోతగా అర్థం చేసుకున్నారని డైరెక్టరు గారు అక్కడికక్కడే వివరించారు. సలోమి గారికి విధానం కనిపెట్టినందుకు ప్రశంసాపత్రం, ఉత్తర్వు ధిక్కరించినందుకు హెచ్చరిక ఒకే కవర్లో వచ్చాయి.

కార్యదర్శి గారు భోజనానికి మేడెక్కి చేతులు కడుక్కోబోతే కొళాయి గాలి వదిలింది. చేతులనిండా మామిడి రసం. మీరావలిని పిలిపించారు. నిచ్చెన అధికారులకే కనుక, ఎక్కితే దిగలేనని అతను గేటుకి కిందనే ఆగిపోయాడు. నీళ్ళెందుకు రావడంలేదని పై నుంచి డైరెక్టరు గారు గద్దించారు.

"మోటారు కాలిందండీ. బాగుచేయించమన్న సంతకం పైనుంది, నేను కిందున్నానండీ," అన్నాడు మీరావలి. విసుగు లేదు, వెటకారం లేదు. ఉన్నమాట చెప్పాడు.

కార్యదర్శి గారు జిగురు చేతులు గాల్లో పెట్టుకునే గేటుని చూశారు, ఉబికిన గోడని చూశారు, గొడుగుల గుట్టని చూశారు. వలయం సంగతి డైరెక్టరు గారు గొణిగారు. "దీనికీ అదే విధానము వర్తించును. పూత పూయుడు. కోత తీసివేయుడు," అన్నారు ఆయన.

గేటు పీకేశారు. మెట్ల మలుపులో గోడకి ఒక నీలం పట్టీ నేనే పూశాను. వెంటనే కుర్చీలు దిగాయి, మందు డబ్బాలు దిగాయి, టార్చిలైటు దిగింది, ఏడాది నాటి సెలవులన్నీ ఒక్కసారే దిగి తోటపనివాళ్ళంతా ఏ పెళ్ళికి వెళ్ళలేకపోయామో లెక్కలు వేసుకున్నారు. ఉత్తర్వులు మాత్రం దిగుతూ దిగుతూ అలసిపోయి మెట్ల మీదే పడుకున్నాయి. వాటిని ఎవరూ లేపలేదు.

మోటారు సంతకం మీరావలికి చేరింది. అతను సైకిలెక్కి మెకానిక్ కోసం వెళ్ళాడు. ఆ వెనకనే టీ ట్రే దిగింది. గ్లాసులు ఒలక్కుండా ట్రే మీద పరిచిన కాగితం తీసి చూస్తే, అది సలోమి గారి అంటు అనుమతి. టీ మరకలు పడ్డా సంతకం చెడలేదు.

ఆవిడ ఆ సాయంత్రమే తేనెగుండు పుల్లలు కోశారు. తరువాతి రోజుల్లో వెనక తోటలో ఇంకా ప్రాణమున్న చెట్లకి వలయం మీదుగా, పై బెరడు నుంచి కింది బెరడుకి సన్నటి పుల్లలు అంటు కట్టి వంతెనలు వేశారు. పంచదార మళ్ళీ దిగడానికి అదొక్కటే దారట. దానికి నీలి వలయము మరమ్మతు పనులు అని పేరు పెట్టి నేను దస్త్రం నడిపించాను. వెనక తోట చాలావరకు నిలిచింది. ముందు తోట నిలవలేదు. దాని సంగతి ఇప్పటికీ మేమెవరం మాట్లాడుకోం.

ఆ సాయంత్రం మాత్రం నా బల్ల ముందు టీ ఆగింది. మీరావలి మెకానిక్‌తో తిరిగి వచ్చి, మోటారు ఆడించి, మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. పైన కొళాయిలు దగ్గి, బుసకొట్టి, ధారగా పడ్డాయి. డైరెక్టరు గారు చేతులు కడుక్కున్న చప్పుడు కిందికి వినిపించింది. మీరావలి ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, "పంచదార ఎక్కువేశారండీ," అన్నాడు.

అవును, ఎక్కువే పడింది. ఎవరూ సంజాయిషీ అడగలేదు.